ఆధునిక అంతర్జాతీయ చరిత్రను ఎలా చదవాలి? విశాఖ విద్యార్థులకు ఒక మార్గదర్శిని

ఇంటర్మీడియట్ ఆర్ట్స్ గ్రూపుల్లో గానీ, సీబీఎస్ఈ పదకొండో తరగతిలో గానీ, కేంబ్రిడ్జి ఏ లెవెల్, ఐబీ వంటి పాఠ్యక్రమాల్లో గానీ 20వ శతాబ్దపు ప్రపంచ చరిత్రను చదువుతున్నవారి కోసం రాసినది ఇది. ఎంపీసీ, బైపీసీ చదివేవారికి విశాఖపట్నంలో కోచింగు సెంటర్లకు గానీ మెటీరియల్‌కు గానీ కొదవ లేదు. చరిత్రను ఎంచుకున్నవారు మాత్రం చాలావరకు తమ దారి తామే వెతుక్కోవలసి వస్తోంది. మున్ముందు సివిల్ సర్వీసుల పరీక్ష రాయదలచినవారికి కూడా ఈ పద్ధతి ఉపయోగపడుతుంది, ఎందుకంటే మెయిన్స్ మొదటి జనరల్ స్టడీస్ పేపరులో 18వ శతాబ్దం నుంచి ప్రపంచ చరిత్ర ఉంది.

అన్నిటికంటే ముందు ఒక్క విషయం మనసులో నాటుకోవాలి. తర్వాత ఏం జరిగిందో మనకు తెలుసు, ఆనాడు నిర్ణయాలు తీసుకున్నవారికి తెలియదు. 1938 సెప్టెంబర్‌లో చెకోస్లోవేకియాలో కొంత భాగాన్ని హిట్లర్‌కు వదిలిపెట్టిన మ్యూనిక్ ఒప్పందం మీద సంతకం చేసిన బ్రిటన్ ప్రధాని చాంబర్లిన్‌కు, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939 సెప్టెంబర్ ఎలా ఉండబోతోందో తెలియదు. ఆయనకు తెలిసింది 1914 నుంచి 1918 వరకు జరిగిన మారణహోమం, అప్పటికి ఇంకా పూర్తికాని బ్రిటన్ వైమానిక సన్నాహం, మరో యుద్ధానికి సిద్ధంగా లేని ప్రజాభిప్రాయం. ఆయన నిర్ణయం తప్పని మీరు చివరకు తేల్చవచ్చు, అయితే ఆ రోజున ఆయన ముందున్న దారులేమిటో చెప్పకుండా తేల్చిన తీర్పుకు పై స్థాయి పరీక్షల్లో విలువ ఉండదు. అందువల్ల ప్రతి సంఘటన దగ్గరా ఆగి, ఆ రోజుకు ఎవరికి ఏం తెలుసు, ఎవరు దేనికి భయపడ్డారు, వారి చేతిలో ఉన్న మార్గాలేమిటి అని అడగడం అలవాటు చేసుకోండి. కింద చెప్పబోయే పనులన్నీ ఈ అలవాటును పెంచడానికే.

ముందు ప్రశ్నపత్రం, తర్వాతే పుస్తకం

పాఠ్యపుస్తకం తెరవడానికి ముందే మీ బోర్డు ప్రకటించిన సిలబస్‌ను, ప్రీవియస్ పేపర్లను, దొరికితే మార్కులు వేసే విధానాన్ని తెలిపే పత్రాన్ని ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. ప్రశ్నల్లోని క్రియాపదాలను వరసగా రాసి చూడండి. ‘వివరించండి’ అన్న ప్రశ్నకు కారణాలు కావాలి, ‘పోల్చండి’ అన్నదానికి పోలికలూ భేదాలూ రెండూ కావాలి, ‘ఎంతవరకు ఏకీభవిస్తారు’ అన్నదానికి మీ తీర్పు, దానికి ఆధారం కావాలి. మూడింటికీ ఒకే నోట్సు అప్పజెప్పే విద్యార్థికి ఎంత సమాచారం తెలిసినా మార్కులు మధ్యలోనే ఆగిపోతాయి. ఈ పనికి ఒక సాయంత్రం చాలు.

కాలరేఖ పుస్తకం

పాఠ్యపుస్తకాలు చరిత్రను అధ్యాయాలుగా విడగొడతాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీతో కుదిరిన వెర్సాయ్ సంధి ఒక అధ్యాయం, నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) మరొకటి, హిట్లర్ ఇంకొకటి, భారత స్వాతంత్ర్యోద్యమం పూర్తిగా వేరే పుస్తకం. కానీ ఆనాటి నాయకులకు ఇవన్నీ ఒకే బల్ల మీద, ఒకే వారంలో ఎదురయ్యాయి. కాబట్టి రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని, 1919 నుంచి 1991 వరకు ప్రతి సంవత్సరానికీ రెండు పేజీలు కేటాయించండి. ఏ అధ్యాయం చదివినా అందులోని తేదీలను అధ్యాయం పేరు కింద కాకుండా ఆ సంవత్సరం పేజీలో, నెలల వారీగా ఎక్కించండి. యూరప్‌కు, ఆసియాకు, అమెరికాకు, భారతదేశానికి నాలుగు నిలువు గడులు గీసుకుంటే ఇంకా మేలు.

దీని ఫలితం చూడాలంటే 1942 మొదటి నెలలతో మొదలుపెట్టండి, ఎందుకంటే అందులో మన ఊరు ఉంది. ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమైంది. మార్చి 8న రంగూన్ పడిపోయింది. మార్చి 23న జపాన్ సేనలు అండమాన్ దీవులను ఆక్రమించాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రిటిష్ మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్ రాజ్యాంగ ప్రతిపాదనలతో ఢిల్లీకి వచ్చారు. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి జరిగింది. మరునాడు, ఏప్రిల్ 6న, జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఏప్రిల్ 10న కాంగ్రెస్ క్రిప్స్ ప్రతిపాదనలను తిరస్కరించింది, 12న ఆయన తిరుగుముఖం పట్టారు, ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానం వచ్చింది. క్రిప్స్ రాయబారం ఒక పుస్తకంలో, విశాఖ మీద బాంబులు స్థానిక చరిత్రలో, సింగపూర్ పతనం మూడో పుస్తకంలో చదివినవారికి ఈ గొలుసు కనిపించదు. ఒకే పేజీలో చూసినవారికి మాత్రం, బ్రిటన్ అంత హడావిడిగా ఎందుకు రాయబారం పంపిందో, భారత నాయకులు ఆ హామీలను ఎందుకు అంతగా నమ్మలేకపోయారో, బంగాళాఖాతపు తీరం వెంట పట్టణాలు ఎందుకు ఖాళీ అయ్యాయో తమంత తామే అర్థమవుతాయి.

అదే పేజీల్లో ఇంకాస్త ముందుకు వెళ్లండి. 1951లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జపాన్‌తో శాంతి ఒప్పందం కోసం జరిగిన సమావేశానికి భారతదేశం వెళ్లలేదు. 1952 జూన్ 9న విడిగా సంధి చేసుకుని, యుద్ధ నష్టపరిహారాన్ని వదులుకుంది. 1960ల చివరి నాటికి బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీదుగా విశాఖ రేవుకు చేరి, ఓడలెక్కి జపాన్ ఉక్కు కర్మాగారాలకు పోసాగింది. అరకు ప్రయాణంలో మనం కిటికీలోంచి సొరంగాలు లెక్కపెట్టే ఆ లైను ప్రధానంగా ఆ ఎగుమతి కోసమే వేసినది. బాంబు వేసిన దేశానికి అదే రేవు నుంచి పాతికేళ్లకు అటూఇటూగా ఖనిజం ఎందుకు వెళ్లిందన్న ప్రశ్నకు జవాబు రాయబోతే, ప్రచ్ఛన్న యుద్ధ (కోల్డ్ వార్) కాలంలో ఆసియా ఆర్థిక వ్యవస్థ గురించి ఒక మంచి వ్యాసమే తయారవుతుంది.

కాలరేఖ మరో పని కూడా చేస్తుంది: తొందరపాటు తీర్మానాలను నిలబెట్టి ప్రశ్నిస్తుంది. 1962 పేజీని తీసుకుందాం. అక్టోబర్ 16న క్యూబాలో సోవియట్ క్షిపణుల ఛాయాచిత్రాలు అమెరికా అధ్యక్షుడు కెనెడీ ముందుకు వచ్చాయి. అక్టోబర్ 20న చైనా సేనలు భారత సరిహద్దుల్లో పెద్దఎత్తున దాడికి దిగాయి. అక్టోబర్ 22న కెనెడీ టీవీలో మాట్లాడి క్షిపణుల సంగతి ప్రపంచానికి వెల్లడించారు. 25న సోవియట్ పత్రిక ప్రావ్దా సరిహద్దు వివాదంలో చైనా వైపు మొగ్గింది. 26న మన దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 28న క్షిపణులను తీసివేస్తామని సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ ప్రకటించారు. నవంబర్ 19న నెహ్రూ వైమానిక సహాయం కోరుతూ కెనెడీకి లేఖలు రాశారు. నవంబర్ 21న చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించింది.

‘అగ్రరాజ్యాలు క్యూబాలో తలమునకలై ఉండగా చైనా అదను చూసి దెబ్బ తీసింది’ అన్న వాక్యం మనం తరచూ వింటుంటాం. పేజీని మళ్లీ చూడండి. అక్టోబర్ 20 నాటికి క్షిపణుల గుట్టు వాషింగ్టన్‌లో అధ్యక్షుడి చుట్టూ ఉన్న కొద్దిమందికి, మాస్కోకు, హవానాకు తప్ప బయటి ప్రపంచానికి తెలియదు. కనుక ఆ వాక్యం నిలబడాలంటే బీజింగ్‌కు ముందే మాస్కో నుంచి కబురు అందిందని ఆధారంతో చూపించాలి. చూపించలేకపోతే, రెండు సంక్షోభాలు ఒకదానిమీద ఒకటి పడిన తర్వాత ఒకదాని గతిని మరొకటి ఎలా మార్చిందన్నంత వరకే రాయాలి. ప్రావ్దా వైఖరిని అర్థం చేసుకోవడానికి అది చాలు: అణుయుద్ధం అంచున నిలబడిన క్రుశ్చేవ్‌కు ఆ వారంలో చైనా స్నేహం భారత్ స్నేహం కంటే అవసరమనిపించిందని వాదించవచ్చు. 1956 పేజీలో సూయెజ్, హంగరీలు కూడా ఇలాగే పక్కపక్కన వస్తాయి. ఆ అభ్యాసాన్ని మీరే చేసి చూడండి.

పటం

అట్లాసు లేకుండా ఈ విషయం చదవడం వృథా. ఖాళీ పటాల మీద కనీసం నాలుగు గీయండి: 1919 తర్వాతి యూరప్, 1945 తర్వాతి యూరప్, రెండుగా చీలిన జర్మనీతో పాటు బెర్లిన్, 1950 నాటి తూర్పు ఆసియా. పోలండ్ సరిహద్దులు 1945లో ఎంత పడమటికి జరిగాయో చేత్తో గీస్తే గానీ స్టాలిన్ పట్టుదల అర్థం కాదు. బెర్లిన్ పూర్తిగా సోవియట్ మండలం లోపల ఉందన్న సంగతి పటంలో చూడని విద్యార్థి 1948లో స్టాలిన్ విధించిన బెర్లిన్ దిగ్బంధం గురించి ఎంత చదివినా గాలిలో మేడలే కడతాడు.

కారణాలను తూకం వేయడం

‘కారణాలు రాయండి’ అనగానే ఏడెనిమిది పాయింట్లు వరసపెట్టి రాయడం మనకు పదో తరగతి నుంచి అలవాటు. పై స్థాయిలో ఆ పాయింట్ల మధ్య సంబంధం చెప్పాలి. ఏది దీర్ఘకాలిక కారణం, ఏది తక్షణ కారణం, ఏది లేకపోతే మిగతావన్నీ ఉన్నా సంఘటన జరిగేది కాదు అని విడదీయాలి.

హిట్లర్ అధికారంలోకి రావడానికి వెర్సాయ్ సంధే కారణమన్న వాదాన్ని పరీక్షకు పెట్టండి. 1919 జూన్ 28న సంధి జరిగింది. 1921లో నష్టపరిహారాన్ని 13,200 కోట్ల బంగారు మార్కులుగా నిర్ణయించారు. అవమానం నిజమే, భారం నిజమే. అయితే నష్టపరిహారం చెల్లింపులను సడలించిన 1924 డాస్ ప్రణాళిక తర్వాత జర్మనీ కుదుటపడింది, 1925లో దాని పశ్చిమ సరిహద్దులకు హామీ ఇచ్చిన లొకార్నో ఒప్పందాలు కుదిరాయి, 1926లో జర్మనీ నానాజాతి సమితిలో చేరింది. 1928 మే ఎన్నికల్లో నాజీ పార్టీకి వచ్చిన ఓట్లు 2.6 శాతం మాత్రమే. సంధి జరిగి అప్పటికే దాదాపు తొమ్మిదేళ్లయింది. 1929లో ఆర్థిక మాంద్యం విరుచుకుపడ్డాక, 1930 సెప్టెంబర్‌లో అదే పార్టీకి 18.3 శాతం, 1932 జూలైలో 37 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. 1932 వేసవిలో లొసాన్ సమావేశం నష్టపరిహారం చెల్లింపులకు దాదాపుగా తెరదించింది, అయినా హిట్లర్ ఎదుగుదల ఆగలేదు. ఇంకో మెలిక కూడా ఉంది. 1932 నవంబర్‌లో నాజీ ఓట్లు 33.1 శాతానికి తగ్గాయి, ఆ తర్వాత మూడు నెలలైనా కాకముందే, 1933 జనవరి 30న, హిట్లర్ ఛాన్సలర్ అయ్యారు. అంటే ఆఖరి మెట్టు ఎక్కించింది ఓటర్లు కాదు, ఆయనను అదుపులో పెట్టుకోగలమని నమ్మిన పాపెన్ వంటి సంప్రదాయవాద నాయకులూ, వారి మాట విన్న అధ్యక్షుడు హిండెన్‌బర్గూ.

ఈ అంకెలు బట్టీ పట్టడం గొప్ప కాదు. వాటిని ఇలా నడిపితే వెర్సాయ్ నాజీలకు నినాదాలు అందించిన నేపథ్యమని, మాంద్యం ప్రజలను ఆ నినాదాల వైపు నెట్టిన శక్తి అని, పాపెన్ మంతనాలు అధికారం అప్పగించిన తక్షణ కారణమని మూడు పొరలు విడివడతాయి. ప్రతి పెద్ద సంఘటనకూ ఇలాంటి ఒక పేజీ తయారు చేసుకోండి.

ఆధారాలను ప్రశ్నించడం

నా ఉద్దేశంలో ఈ విషయంలోకెల్లా విలువైన విద్య ఇదే. మన విద్యార్థులు తక్కువ సమయం ఇచ్చేది కూడా దీనికే. ఆధారం అంటే ఆ కాలంలో పుట్టిన ఉత్తరం, ప్రసంగం, టెలిగ్రాం, వార్త, ఫోటో, కార్టూన్, లేదా ఆ తర్వాత ఎవరైనా చెప్పిన జ్ఞాపకం. దాన్ని చూడగానే ‘ఇది పక్షపాతంతో ఉంది’ అని రాసి ఊరుకోకండి. ప్రతి ఆధారానికీ ఏదో ఒక పక్షం ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం, ఏ అవసరంతో చెప్పారు, ఆ పక్షపాతం ఏ సంగతిని దాచడానికి, దేన్ని పెద్దది చేయడానికి పనికొస్తుంది అని అడగండి.

అభ్యాసానికి విశాఖలో ఒక అరుదైన చోటు ఉంది. రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన ఐఎన్ఎస్ కుర్సురా సోవియట్ నిర్మిత జలాంతర్గామి. 1969 డిసెంబర్‌లో మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. పశ్చిమ దేశాలవారు ఫాక్స్‌ట్రాట్ అని పిలిచిన తరగతికి చెందినది అది. 1962 అక్టోబర్‌లో క్యూబా వైపు సోవియట్ యూనియన్ పంపిన నాలుగు జలాంతర్గాములూ ఈ తరగతివే, ఒక్కొక్కదానిలో ఒక అణు టార్పెడో ఉంది. టికెట్టు కొని లోపలికి వెళ్లినప్పుడు ఫోటోల కోసం తొందరపడకండి. ముందు భాగంలోని టార్పెడో గొట్టాల దగ్గర నిలబడి చూడండి. ఒక విభాగం నుంచి మరోదానిలోకి వెళ్లాలంటే ఒళ్లు ముడుచుకుని గుండ్రటి ద్వారంలోంచి దూరాలి. పడకలు యంత్రాల మధ్య ఇరికించి ఉంటాయి, నడవాలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాలి. దాదాపు 91 మీటర్ల పొడవైన ఆ గొట్టంలో డెబ్భై మందికి పైగా వారాల తరబడి బతికారు.

ఇప్పుడు 1962 అక్టోబర్ 27కు వెళ్లండి. ఆ నాలుగింటిలో ఒకటైన బీ-59 అనే జలాంతర్గామి నీటి అడుగున ఉంది, బ్యాటరీలు అడుగంటాయి, మాస్కోతో సంబంధం లేదు, లోపల వేడి 45 డిగ్రీలు దాటిందని అందులో ఉన్నవారు తర్వాత చెప్పారు. దాన్ని పైకి రప్పించడానికి అమెరికన్ నౌకలు హెచ్చరికగా చిన్న పేలుడు గుళ్లు వేస్తున్నాయి. యుద్ధం మొదలైందో లేదో లోపలివారికి తెలియదు. కెప్టెన్ సవీత్స్కీ అణు టార్పెడోను సిద్ధం చేయమన్నారని, అదే ఓడలో ఉన్న అధికారి వసీలీ అర్ఖీపోవ్ వారించారని కథనం. ప్రపంచాన్ని కాపాడిన మనిషిగా అర్ఖీపోవ్ పేరు ఈ రోజు అందరికీ తెలుసు. ఇక్కడే విద్యార్థి ఆగి అడగాలి: ఈ సంగతి మనకు ఎలా తెలిసింది? ప్రధానంగా అందులో పనిచేసిన వదీమ్ ఓర్లోవ్ అనే అధికారి దశాబ్దాల తర్వాత చెప్పిన జ్ఞాపకాల వల్ల. అది 2002లో హవానాలో జరిగిన నలభయ్యవ వార్షిక సమావేశం నాటికి విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది. ఆ దళంలోని ఇతరుల కథనాలు అన్ని వివరాల్లోనూ దానితో కలవవు. అలాగని ఓర్లోవ్ మాటను కొట్టిపారేయనక్కరలేదు. జలాంతర్గాముల్లో అణు టార్పెడోలు ఉన్నాయనేది గట్టి విషయం, లోపల జరిగిన సంభాషణ ఒక సాక్షి జ్ఞాపకం. ఈ రెండింటినీ ఒకే బరువుతో రాయకూడదన్నదే నేను చెప్పదలచినది.

అదే సంక్షోభంలో మరో పాఠం ఉంది. క్యూబా నుంచి సోవియట్ క్షిపణులు పోతే టర్కీ నుంచి అమెరికన్ జూపిటర్ క్షిపణులు పోతాయన్న రహస్య హామీని అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ అక్టోబర్ 27 రాత్రి సోవియట్ రాయబారి దోబ్రినిన్‌కు ఇచ్చారు. బయటికి మాత్రం కెనెడీ ఉక్కు సంకల్పానికి క్రుశ్చేవ్ తలవంచారనే కథ నడిచింది. రాబర్ట్ కెనెడీ మరణానంతరం ఆయన జ్ఞాపకాలను ప్రచురణకు సిద్ధం చేసిన, అధ్యక్షుడు కెనెడీ సలహాదారు సోరెన్సన్, ఆ హామీ గురించిన వివరాన్ని తానే తొలగించానని 1989లో ఒప్పుకున్నారు. 1989కి ముందు జ్ఞాపకాల మీదే ఆధారపడి రాసిన చరిత్రకూ, ఆ తర్వాత దస్త్రాలు, కెనెడీ రహస్యంగా రికార్డు చేసిన సమావేశాల టేపులు చూసి రాసిన చరిత్రకూ తేడా ఎందుకు వచ్చిందో దీనితో తెలుస్తుంది. మీరు చదివే పుస్తకం ఏ సంవత్సరంలో వచ్చిందో ముందు పేజీ తిప్పి చూడడం ఇందుకే అవసరం.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 1971 డిసెంబర్ 3–4 రాత్రి ఉంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి సమీపంలో మునిగిపోయింది. అమెరికా నౌకాదళంలో డయాబ్లో పేరుతో పనిచేసి, 1960లలో పాకిస్తాన్‌కు అద్దెకు వచ్చిన ఓడ అది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని భారత నౌకాదళం కథనం; లోపలి పేలుడు వల్లో, తాను పరచిన మైన్ల వల్లో మునిగిందని పాకిస్తాన్ వైపు కథనం. ఒక కాగితాన్ని మధ్యకు మడిచి రెండు కథనాలనూ ఎదురెదురుగా రాయండి. రెండూ ఒప్పుకునే సంగతులు పైన, విభేదించేవి కింద, ప్రతి పక్షానికీ తన కథనం వల్ల ఒనగూడే ప్రయోజనం పక్కన. పరీక్షలో రెండు ఆధారాలను పోల్చమన్నప్పుడు చేయవలసింది సరిగ్గా ఈ పనే. ఊరి మీద అభిమానం తీర్పును తొందరపెట్టకుండా చూసుకోవడం ఇందులో అసలైన సాధన.

అసలు పత్రాలు ఎక్కడ దొరుకుతాయంటారా? అమెరికా విదేశాంగ శాఖ తన పాత దస్త్రాలను సంపుటాలుగా అంతర్జాలంలో ఉచితంగా ఉంచింది. సోవియట్, చైనా, తూర్పు యూరప్ పత్రాల ఇంగ్లీషు అనువాదాలు అమెరికాలోని విల్సన్ సెంటర్ డిజిటల్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. భారత జాతీయ అభిలేఖాగారం పత్రాలకు అభిలేఖ్ పటల్ అనే పోర్టల్ ఉంది. వారానికి ఒక్క పత్రం, అదీ రెండు పేజీలు మించనిది, చదివితే సరిపోతుంది.

చరిత్రకారులు ఎందుకు విభేదిస్తారు

ప్రచ్ఛన్న యుద్ధానికి బాధ్యులెవరన్న చర్చతో మొదలుపెట్టడం సులువు. తూర్పు యూరప్‌లో స్టాలిన్ విస్తరణే మూలమని తొలితరం అమెరికన్ చరిత్రకారులు చాలామంది రాశారు. 1960లలో, ముఖ్యంగా వియత్నాం యుద్ధం మీద నిరసన పెరిగాక, అమెరికా మార్కెట్ల ఆకలిని, అణుబాంబు ఒత్తిడిని దోషిగా నిలబెట్టినవారు బలపడ్డారు. 1970ల నుంచి పరస్పర భయాన్ని, అపార్థాన్ని ముందుకు తెచ్చినవారు వచ్చారు. 1991 తర్వాత మాస్కో దస్త్రాలు కొంతవరకు తెరుచుకోవడంతో చర్చ మళ్లీ మొదలైంది. ఈ వర్గాల పేర్లు కంఠస్థం చేయడం కంటే, ఒక్క సంఘటనను, ఉదాహరణకు 1947 జూన్ 5న ప్రకటించిన మార్షల్ ప్రణాళికను, మూడు దృక్పథాల నుంచీ మూడు పేరాల్లో రాసి చూడడం మేలు. ఆకలితో ఉన్న యూరప్‌కు సాయమా, అమెరికా సరుకుకు సంతనా, సోవియట్ యూనియన్ ఎలాగూ తిరస్కరిస్తుందని తెలిసి పెట్టిన పరీక్షా? మీరు దేన్ని ఎందుకు ఎంచుకుంటారో నాలుగో పేరాలో రాయండి.

వ్యాసం

ఒక ప్రశ్న తీసుకుందాం: నానాజాతి సమితి విఫలం కావడానికి అమెరికా చేరకపోవడమే ప్రధాన కారణమా? సాధారణంగా వచ్చే జవాబు ఇలా ఉంటుంది: ‘నానాజాతి సమితి 1920లో ఏర్పడింది. అమెరికా చేరలేదు. సమితికి సైన్యం లేదు. జపాన్ మంచూరియాను ఆక్రమించింది. ఇటలీ అబిసీనియాను (నేటి ఇథియోపియాను) ఆక్రమించింది. అందువల్ల సమితి విఫలమైంది.’ ఇందులో తప్పు లేదు, వాదన కూడా లేదు.

అదే సమాచారంతో ఇలా రాయవచ్చు: ‘అమెరికా గైర్హాజరు సమితిని బలహీనపరిచింది, ఎందుకంటే ఆంక్షలు విధించినా నిందిత దేశం అమెరికాతో వ్యాపారం సాగించగలదు; 1931లో మంచూరియా విషయంలో సభ్యదేశాలు వెనకాడడానికి ఇది ఒక కారణం. అయితే 1935–36లో అబిసీనియా విషయంలో నిర్ణయాత్మకమైన ఆయుధం అమెరికా చేతిలో లేదు. ఇటలీ ఓడలు దాటవలసిన సూయెజ్ కాలువ మీద పట్టు బ్రిటన్‌ది, దాన్ని మూయలేదు. పైగా 1935 డిసెంబర్‌లో బ్రిటిష్, ఫ్రెంచ్ మంత్రులు హోర్, లవాల్‌లు అబిసీనియాలో పెద్ద భాగాన్ని ముసోలినీకి అప్పగించే పథకం రచించారు. కాబట్టి అమెరికా లేకపోవడం సమితి శక్తిని తగ్గించగా, ఉన్న శక్తిని వాడడానికి బ్రిటన్, ఫ్రాన్స్‌లు ఇష్టపడకపోవడమే దాన్ని కూల్చింది.’ వాదం ముందు, ఆధారం తర్వాత, ప్రశ్నకు ముడి చివర. ప్రతి పేరాలోనూ ఈ మూడూ ఉన్నాయో లేవో రాసిన తర్వాత పెన్సిల్‌తో గుర్తు పెట్టి చూసుకోండి.

ఇంగ్లీషులో పరీక్ష రాసేవారు కూడా ముందు తెలుగులో వాదించుకోవడం మంచిది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు సాయంత్రం బీచ్ రోడ్డు మీద నడుస్తూ ఒకరు బ్రిటన్ తరఫున, ఒకరు ఇటలీ తరఫున మాట్లాడి చూడండి. మాటల్లో తడబడిన చోటే మీ నోట్సులో లోపం ఉందని తెలుస్తుంది. ఇంటికి వెళ్లాక అదే వాదనను పరీక్ష భాషలో రాయండి.

ఇంట్లో పెద్దలను అడగడం

1971లో విశాఖలో ఉన్న తాతయ్య, అమ్మమ్మ, ఇరుగుపొరుగు పెద్దలు ఎవరైనా ఉంటే వారి దగ్గర కూర్చోండి. రాత్రిళ్లు దీపాలు ఆర్పేసిన రోజులు, రేడియో వార్తలు, పుకార్లు, ఊరు విడిచి వెళ్లినవారు, ఇవన్నీ అడగండి. అనుమతి తీసుకుని ఫోనులో రికార్డు చేయండి. వారు చెప్పినదాన్ని సరిదిద్దవద్దు, మధ్యలో అడ్డు రావద్దు. తర్వాత ఆ వారపు పత్రికలతో పోల్చండి. పాత పత్రికల కోసం నగరంలోని పౌర గ్రంథాలయాన్ని గానీ ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని గానీ ముందుగా సంప్రదించి, విద్యార్థులకు అనుమతి ఎలా ఇస్తారో కనుక్కోండి. పెద్దల జ్ఞాపకానికీ పత్రికకూ తేడా వచ్చిన చోట పెద్దలు తప్పని వెంటనే అనుకోవద్దు, ఎందుకంటే యుద్ధకాలపు వార్తలకు ప్రభుత్వ ఆంక్షలు ఉంటాయి.

వారం పని, రివిజన్

రోజూ చరిత్రకు గంట కేటాయించగలిగితే నాలుగు రోజులు పాఠానికి, కాలరేఖకు. ఒక రోజు ఒక పత్రానికి. ఒక రోజు గడియారం పెట్టుకుని రాసే ఒక వ్యాసానికి వాడండి. ఏడో రోజు ఆ వ్యాసాన్ని ఉపాధ్యాయుడికో స్నేహితుడికో ఇచ్చి, ‘ఇందులో నా తీర్పు ఎక్కడ ఉందో గీత గీయండి’ అని అడగండి. వారికి గీత గీయడానికి చోటు దొరక్కపోతే, ఆ వ్యాసాన్నే మళ్లీ రాయండి.

పరీక్షలు దగ్గరపడ్డాక నోట్సును పదేపదే చదవడం వల్ల ఒరిగేది తక్కువ. ఖాళీ కాగితం తీసుకుని ఒక సంవత్సరం ఎంచుకోండి, నాలుగు గడులు గీసి గుర్తున్నవి రాయండి, కాలరేఖ పుస్తకంతో సరిచూసుకుని తప్పినవాటిని ఎర్ర ఇంకుతో చేర్చండి. మూడు రోజుల తర్వాత అదే సంవత్సరాన్ని మళ్లీ రాయండి. ముందుగా 1919, 1931, 1938, 1947, 1950, 1956, 1962, 1971, 1979, 1989 తీసుకోండి. ఈ పదీ చూడకుండా రాయగలిగినప్పుడు వాటి మధ్య సంవత్సరాలకు వెళ్లండి.